కంటికి కనిపించని పిచ్

1982 జులై 1. కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో ఓ లీగ్ మ్యాచ్. గ్లెన్ ఆలిసన్ అనే మాజీ ప్రొఫెషనల్ వరసగా 36 బంతులు వేశాడు. 36 సార్లూ పది పిన్నులూ నేల కూలాయి. మూడు గేమ్‌లు, మూడు 300లు, మొత్తం 900. టెన్‌పిన్ బౌలింగ్‌లో అంతకు మించిన స్కోరు లేదు. కానీ లేన్‌ను పరీక్షించిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఆ రికార్డును గుర్తించలేదు. అభ్యంతరం ఆలిసన్ మీద కాదు, లేన్ మీద నూనె పూసిన తీరు మీద. అధికారికంగా తొలి 900 నమోదు కావడానికి మరో 15 ఏళ్లు పట్టింది. 1997 ఫిబ్రవరిలో నెబ్రాస్కాలో జెరెమీ సోనెన్‌ఫెల్డ్ అనే కాలేజీ కుర్రాడికి ఆ ఘనత దక్కింది.

నూనెకు ఇంత అధికారమా అనిపించవచ్చు. మన దగ్గర బౌలింగ్ అంటే మాల్‌లో సినిమాకు ముందు గంటసేపు కాలక్షేపం. లేన్ మీద నూనె ఉంటుందనే చాలామందికి తెలియదు. ఫౌల్ లైన్ నుంచి తొలి పిన్ దాకా 60 అడుగులు. అందులో మొదటి 40 అడుగుల మేర నూనె పూస్తారు, మిగతాది పొడిగా ఉంటుంది. లేన్ మొత్తానికీ పట్టేది పాతిక మిల్లీలీటర్లకు అటూ ఇటూ, అంటే ఇంట్లో పప్పు పోపుకు సరిపడేంత. అంత పల్చటి పొర మీద 16 పౌండ్ల దాకా బరువుండే బంతి జారుతూ వెళ్తుంది, పొడి చెక్క తగలగానే పట్టు దొరికి పక్కకు తిరుగుతుంది. ఆ మలుపును హుక్ అంటారు. హుక్ ఎక్కడ మొదలవ్వాలన్నదే ఆటంతా.

క్రికెట్‌లో కెప్టెన్ పిచ్ మీద బొటనవేలితో నొక్కి చూస్తాడు, గడ్డి ఎంతుందో, పగుళ్లు ఎక్కడున్నాయో కంటికి కనిపిస్తాయి. ఇక్కడ కనిపించేదేమీ లేదు. బంతి వేసి, అది ఎలా తిరిగిందో చూసి, లేన్ స్వభావాన్ని ఊహించుకోవాలి. పైగా ఆట సాగేకొద్దీ బంతులు నూనెను పీల్చేస్తాయి. మొదటి గేమ్‌లో స్ట్రైక్ ఇచ్చిన గీత మూడో గేమ్‌లో మోసం చేస్తుంది.

బౌలర్ చేతిలో ఉన్న మొదటి ఆయుధం బంతి ఉపరితలం. వడ్రంగి ఉప్పు కాగితాన్ని నంబర్లతో కొన్నట్టే ఇక్కడా నంబర్లున్నాయి. 500, 1000 నంబరు ప్యాడ్‌తో రుద్దితే బంతి గరుకవుతుంది. నూనె దట్టంగా ఉన్నచోట అదే పట్టునిస్తుంది, బంతి ముందుగానే కుదురుకుంటుంది. 4000తో రుద్ది పాలిష్ పెడితే బంతి దూరం జారి, చివర్లో చురుగ్గా తిరుగుతుంది. నూనె తక్కువున్న లేన్‌కు అది కావాలి. అయితే స్కోరింగ్ మొదలయ్యాక ఉప్పు కాగితం ముట్టకూడదు. అందుకే సీరియస్ బౌలర్లు రెండు మూడు బంతులు మోసుకొస్తారు.

రెండోది రంధ్రాలు తొలిచే లెక్క. బంతి మీద చిన్న రంగు చుక్క ఉంటుంది. లోపలి బరువు దిమ్మ తల ఎటుందో చెప్పే గుర్తు అది. చేతి నుంచి వదిలినప్పుడు బంతి ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో, ఆ బిందువు నుంచి చుక్క ఎంత దూరంలో ఉండాలన్నదే డ్రిల్లర్ మొదట తేల్చాల్సింది. ఆ బిందువు ప్రతి మనిషికీ వేరు. దూరం మూడు అంగుళాల పైచిలుకు ఉంటే తిరుగుడు గీతలు ఎక్కువగా విడిపోతాయి. ప్రతి చుట్టుకూ నూనె అంటని కొత్త భాగం లేన్‌కు తగులుతుంది, పట్టు పెరుగుతుంది. దూరం ఐదారు అంగుళాలకు పెరిగితే బంతి నిదానిస్తుంది. చుక్క వేళ్ల రంధ్రాలకు పైన ఉంటే మలుపు ఆలస్యంగా, పదునుగా వస్తుంది. కింద ఉంటే ముందుగా, మెత్తగా వస్తుంది. ఒకప్పుడు దీన్ని సరిదిద్దడానికి వేలు పెట్టని అదనపు రంధ్రం ఒకటి తొలిచేవారు. అమెరికా బౌలింగ్ కాంగ్రెస్ 2020 ఆగస్టు 1 నుంచి దాన్ని నిషేధించింది.

డ్రిల్లింగ్ గురించి బౌలర్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. నా అభిప్రాయంలో ఎక్కువ తేడా తెచ్చేది ఉపరితలమే, అదీ కారుచౌకగా. ఈ సంగతి నాకు డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది. మూడేళ్ల కిందట ఓ పరిచయస్తుడి దగ్గర సెకండ్ హ్యాండ్ రియాక్టివ్ బంతి కొన్నాను. పాత రంధ్రాలు పూడ్చి నా చేతికి కొత్తవి తొలిపించాను. దాంతో హైదరాబాద్‌లోని ఓ మాల్‌లో వేస్తే అది సగం దారిలోనే ఎడమ వైపు కాలువలో పడింది. ఒకసారి కాదు, గంటసేపు. తప్పు రంధ్రాలదనుకుని మళ్లీ పూడ్పించి మళ్లీ తొలిపించాను. ఫలితం అదే. చివరికి జాతీయ పోటీల్లో ఆడిన ఓ మిత్రుడు దాన్ని అరచేత్తో తడిమి, “గురూ, ఇది వెయ్యి గరుకులో ఉంది, ఈ లేన్‌లో నూనె చుక్క లేదు” అన్నాడు. అరగంట పాలిష్‌తో పోయేదానికి రెండుసార్లు డ్రిల్లింగ్ ఖర్చు పెట్టానన్నమాట.

మాల్ యజమాని ఆలోచన వేరు. ఆయనకు కావలసింది వినియోగదారుడి చిరునవ్వు. అందుకే నూనె వేసే చోట్ల కూడా సాధారణంగా మధ్యలో దట్టంగా, అంచుల్లో పల్చగా వేస్తారు. గురి తప్పి బయటికి పోయిన బంతి పొడి తగిలి తిరిగొస్తుంది, లోపలికి పోయింది నూనె మీద జారి నిలబడుతుంది. అంటే తప్పుకు రెండు వైపులా క్షమాపణ ఉంది. రాజనీతిశాస్త్రం చదివినవాడిగా నాకిది ఎన్నికల ముందు బడ్జెట్‌ను గుర్తు చేస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో ఆ ఉదారత ఉండదు. మధ్యకూ అంచుకూ తేడా బాగా తగ్గిస్తారు, పూత పొడవు కూడా పోటీకో తీరుగా మారుస్తారు. బౌలర్లకు 31 సూత్రం అని ఒక లెక్క ఉంది. పూత 42 అడుగులైతే అందులోంచి 31 తీసేయాలి. అంచు నుంచి 11వ పలక దగ్గర బంతి మలుపు తిరగాలి. లేన్ వెడల్పంతా ఉన్నవి 39 పలకలే, రెండు పలకల తేడా వస్తే స్ట్రైక్ కాస్తా స్ప్లిట్ అవుతుంది.

మన కుర్రాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. ఉదారమైన మాల్ లేన్ మీద 200 కొట్టినవాడు పోటీ లేన్ మీద 160 దగ్గర నిలిచిపోతే లోపం అతనిలోనే ఉందనుకుంటాడు. సాధన చేయడానికి అలాంటి పూత వేసే యంత్రం, వేయడానికి ఒప్పుకునే యజమాని ఉండాలి. బౌలింగ్ 1978లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో తొలిసారి కనిపించింది, 1982లో ఢిల్లీకి వచ్చేసరికి జాబితాలోనే లేదు. హాంగ్‌జౌ క్రీడల్లోనూ లేదు. ఒలింపిక్స్‌లో 1988 సియోల్‌లో ప్రదర్శన క్రీడగా మెరిసి ఆగిపోయింది. పతకం దారి లేని ఆటకు నూనె యంత్రం ఎవరు కొంటారు?

పోటీల్లో ఆటకు ముందే పూత వివరాల కాగితం ఆటగాళ్ల చేతికిస్తారు. ఎన్ని అడుగులు, ఏ పలక మీద ఎంత అన్నీ అందులో ఉంటాయి. పోయిన ఆదివారం పాలిష్ పెట్టిన నా బంతితో మాల్‌కు వెళ్లి, “ఈ రోజు పూత ఎన్ని అడుగులు?” అని కౌంటర్‌లో అడిగాను. ఆ కుర్రాడు నా పాదాల వైపు చూసి, “సార్, మీది ఎనిమిదా, తొమ్మిదా?” అన్నాడు.