పరుల ఖాతా, మన చేతివ్రాత

ఈ సంచిక చేతికి వచ్చిన పాఠకులు ముందుగా వ్యాసములను చదివి, ప్రకటనల పుటలను తిప్పివేయుదురు. ఈసారి ముందు ఆ ప్రకటనలనే చూడుడని నా మనవి. ఆ దుకాణముల యజమానులలో మనవారెందరో వ్రేళ్లమీద లెక్కింపుడు. తరువాత ఆ దుకాణములలో తూచువారు, మోయువారు, లెక్కలు వ్రాయువారు ఎవరో తలచుకొనుడు. భాషను, బతుకమ్మను, మార్కండేయ దేవాలయమును నిలుపుకొంటిమని ఏటేట వ్రాసికొనుచున్నాము. నిజమే. కాని ఈ ఊరి వ్యాపారములో మనము నిలుపుకొన్నదేమి?

నేను మెట్రిక్‌తో చదువు ముగించి, నాందేడు మోంఢాలోని ఒక అడ్తి దుకాణమున ముప్పది యెనిమిది సంవత్సరములు గుమాస్తాగా నుంటిని. ప్రతి దీపావళికిని క్రొత్త వహీ మొదటి పుటపై కుంకుమతో ‘శుభము, లాభము’ అని వ్రాయు పని నాదే. నా అక్షరములు గుండ్రముగా నుండునని సేఠుగారికి ముచ్చట. శుభములో నాకును కొంత పాలుండెను. లాభము మాత్రము ఆయనది. ఆయనను నిందించుటలేదు. ఏ నెలయు జీతము ఆలస్యము చేసి యెరుగడు. నా ఫిర్యాదు నా మీదను, మీ మీదను.

మనము ఇక్కడికి నిన్న వచ్చినవారము కాము. 1956 నవంబరు 1వ తేదీ వరకు నాందేడు హైదరాబాదు రాజ్యములోనిదే. ఆనాడు ముథోల్, భైంసా ఆంధ్రప్రదేశమునకు పోయెను. అవి నేడు తెలంగాణములో నున్నవి. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ఈవలనే నిలిచెను. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ మనవైపు చేరెను. సరిహద్దు గీత మారినది గాని మన బ్రతుకుతీరు మారలేదు. ఇది గౌరాణి ప్రత్తికి పేరుపడిన నేల, ఎన్.హెచ్.హెచ్. 44 అను సంకర ప్రత్తి వంగడము ఈ ఊరి పరిశోధనా కేంద్రముననే పుట్టెను. ప్రత్తి యున్నది, నేత నేర్చిన చేతులున్నవి. అయినను జిన్నింగు మిల్లుపైనను, నూలు కొట్టుపైనను, బట్టల కొట్టుపైనను మన పేరు అరుదు. ఉస్మాన్‌షాహీ మిల్లు మూతపడినప్పుడు మన ఇండ్లలో ఆగిపోయినది కూలి. కూలి ఆగినవానికి అమ్ముకొనుటకు యంత్రము లేదు, తాకట్టు పెట్టుటకు గోడ లేదు, కుమారునకు అప్పగించుటకు ఖాతాదారులు లేరు. యాజమాన్యము లేకపోవుట వలన కలుగు నష్టము నాకు తెలిసినంతలో ఇదియే: శ్రమ ఆ తరముతోనే తీరిపోవును, మరుసటి తరము మరల సున్నతో మొదలిడును.

ఇది మన యొక్కరి కథయు కాదు. 2013లో జరిగిన ఆరవ ఆర్థిక గణనలో దేశమున 5 కోట్ల 85 లక్షల సంస్థలు లెక్కకు వచ్చెను. వ్యక్తుల స్వంత సంస్థలలో షెడ్యూల్డు కులములవారివి నూటికి 11.4, షెడ్యూల్డు తెగలవారివి 5.4. 2011 జనాభా లెక్కలలో వారి సంఖ్య నూటికి 16.6, 8.6. అమెరికాలో నల్లజాతివారు జనాభాలో నూటికి పదునాలుగుగురుండగా, జీతగాండ్రను పెట్టుకొని నడుపు సంస్థలలో వారివి సుమారు మూడు మాత్రమే. పుట్టవలసిన దుకాణము పుట్టనప్పుడు యజమాని యొక్కడే నష్టపోడు. అందులో జీతము పొందవలసిన నలుగురు, సరకు అమ్మవలసిన రైతు, పన్ను రాబట్టుకొనవలసిన నగరపాలిక, అందరును నష్టపోవుదురు. ఆ నష్టము ఏ వహీలోను ఎక్కదు గనుక ఎవరికిని కనబడదు.

రంగూను సంగతి పెద్దలకు తెలియును. అక్కడ మన తెలుగువారు రేవులో బస్తాలు మోసిరి, రిక్షాలు లాగిరి. కోరంగి రేవు పేర బర్మావారు వారిని ‘కోరంగీలు’ అనిరి. అదే సముద్రము దాటిన చెట్టియార్లు వడ్డీ వ్యాపారము పెట్టిరి. 1930 మే నెలలో రేవుకూలీలు సమ్మె చేయగా వారి స్థానమున బర్మావారిని తీసికొనిరి. సమ్మె తీరి మనవారు తిరిగి పనికి రాగా కొట్లాట చెలరేగి, ప్రాణములు కోల్పోయినది ముఖ్యముగా మనవారే. 1942లో కాలినడకన తిరిగివచ్చినవారి చేతులలో మూటలు తప్ప ఏమియు లేవు. చెట్టియార్లకును బర్మాలో భూములు పోయినవి, కాదనను. కాని వారిలో ఒకరగు చిదంబరం చెట్టియారు 1937లో స్థాపించిన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు నేటికిని నడచుచున్నది.

‘వ్యాపారము మన రక్తములో లేదు’ అను మాట మన అరుగులమీద తరచుగా వినబడును. ఇంతకంటె సోమరి మాట లేదు. షోలాపూరునకు నేతగాండ్రుగా పోయిన పద్మశాలీలలో ఎందరో మరమగ్గముల యజమానులైరి. షోలాపూరు చాదరు భౌగోళిక గుర్తింపు పొందినది. వారి రక్తము వేరా? (అదే షోలాపూరులో వేలమంది తెలుగు స్త్రీలు పరుల మార్కు బీడీలు చుట్టుచున్నారు, ఆ సంగతిని మరువరాదు.) మార్వాడీలదియు రక్తము కాదు, ఏర్పాటు. కలకత్తా చేరిన క్రొత్తవానికి వారి ‘బాసా’లో తిండియు పడకయు దొరికెడివి, బంధువుల దుకాణమున పని నేర్చి, కొంతకాలమునకు అరువు సరకుతో స్వంత దుకాణము తెరచెడివాడు. మనవాడు క్రొత్తగా ఊరికి వచ్చిన మనమేమి చేయుదుము? ఏ కార్యాలయమున ఖాళీ యున్నదో విచారింతుము.

నా తమ్ముని కుమారుడు నాలుగు కుట్టుయంత్రములు కొనదలచి ఒక బ్యాంకునకు పోయెను. 2015లో వచ్చిన ముద్రా పథకమున చిన్న ఋణములకు తాకట్టు అక్కరలేదు. అయినను ఆస్తిగల జామీనుదారుని తెమ్మనిరి. ఎనిమిది నెలలు తిప్పిరి. మాలో ఆస్తిగలవాడెవడు? లేనందుననే గదా అప్పునకు పోయినది!

బ్యాంకును తప్పుపట్టి ఊరకుండుట న్యాయము కాదు. పదునైదేండ్ల క్రిందట నా కుమార్తెకొక సంబంధము వచ్చెను. పిల్లవానికి నాలుగు మరమగ్గములు, కొంత అప్పు. ‘ఉద్యోగమేమి?’ అని అడిగితిని. లేదనగా మర్యాదగా కాఫీ యిచ్చి పంపితిని. నెలజీతము గల వరుని తెచ్చి, లాంఛనములకు నేను చేసిన అప్పుతో మరి నాలుగు మగ్గములు కొనియుండవచ్చును. మా అల్లుడుగారు మంచివారే, ఆ మాట వేరు. ఆ పిల్లవాని షెడ్డులో నేడు పదునలుగురు పనిచేయుచున్నారు. మన కులపెద్దలు, మన తల్లులు, నేను, అందరము కలసి స్వంత దుకాణము గలవానికి పిల్లనీయక, పరుల దుకాణమున గుమాస్తాకు ఇచ్చితిమి. ఇక మనకు దుకాణములెక్కడివి?

మన సంఘమునకు కల్యాణమంటప నిధి యున్నది. రెండవ అంతస్తు వేయవలెనని కొందరి పట్టుదల. పెండ్లిండ్లకు చోటు చాలుటలేదట. ఆ నిధిలో సగము బ్యాంకున డిపాజిటుగా నుంచి, దానిని మన యువతీయువకుల చిన్న ఋణములకు జామీనుగా చూపవలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున నేను తీర్మానము ప్రవేశపెట్టెదను. లెక్కలు వ్రాయుటకు జీతమక్కరలేదు, నేనే వ్రాసెదను. బలపరుచువారొకరు కావలెను.