రైలు ఎందుకు తప్పయింది?

పోయిన ఏడు మన బడిలో చిన్న తరగతి పిల్లల కోసం పొడుపుకథల ఆట ఒకటి తయారుచేశాం. తెర మీద పొడుపు కనిపిస్తుంది, కింద గడిలో విప్పు టైపు చెయ్యాలి. విప్పులు ఫైల్లో ఉన్నవి ఉన్నట్టు రాసిపెడితే మన పిడుగులు ఊరుకుంటారా? ఆ ఫైలు తెరిచి చూసేస్తారు. అందుకని విప్పులకు బదులు వాటి మెసేజ్ డైజెస్టులు, అంటే వేలిముద్రల్లాంటివి, దాచిపెట్టాం. పైథాన్‌లో ఇందుకు హ్యాష్‌లిబ్ అనే లైబ్రరీ ఉంది. 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి పైథాన్‌తో పాటే వస్తోంది, విడిగా తెచ్చుకోనక్కర్లేదు. దానికి ఒక్క మాట ఇచ్చినా, మహాభారతం పద్ధెనిమిది పర్వాలూ ఇచ్చినా షా-256 పద్ధతిలో సరిగ్గా 64 గుర్తుల వేలిముద్ర చేతిలో పెడుతుంది.

పిల్లలకు ఆవకాయతో చెప్పాను. కాయ నుంచి ఆవకాయ వస్తుంది గానీ ఆవకాయ నుంచి కాయ రాదు. అవే పాళ్ళు వేస్తే ప్రతిసారీ అదే రుచి, ఒక్క ఉప్పురాయి ఎక్కువైతే అసలు పోలికే లేని రుచి. (నిజం ఆవకాయలో ఇది కుదరదు. మా ఇంట్లో ఏ ఏటి రుచి ఆ ఏటిదే.)

ఆట రోజున ఒక పాప "రైలు" అని టైపు చేసింది. తప్పు అంది కంప్యూటరు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే. నా వైపు తిరిగి, "అంకుల్, నా తెలుగు తప్పా?" అంది. నేను చూశాను. రకారం, ఐత్వం, లు... అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆ రాత్రి కూర్చుంటే గుట్టు బయటపడింది. ఆ పొడుపుకథలు మన పాత సంచికల్లోవి. అప్పటి ఫాంటులో ఉన్నవాటిని ఒక కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాం. ఐత్వాన్ని చూడండి, పైన ఎత్వం, కింద చిన్న కొక్కెం. యూనికోడ్‌లో ఐత్వానికి సొంతంగా ఒక సంఖ్య ఉంది. ఎత్వం ఒకటి, కింది కొక్కెం ఒకటి అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. పాప కీబోర్డు మొదటి పద్ధతిలో రాసింది, మన కన్వర్టరు రెండో పద్ధతిలో రాసింది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు కాబట్టి పాప రైలు 12 బైట్లు, మన రైలు 15. హ్యాష్ లెక్కకు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఒక్క బైటు మారితే వేలిముద్రే వేరు.

మందు ఒక్క వరుసే. వేలిముద్ర తీసే ముందు మాటను ఎన్‌ఎఫ్‌సి అనే పద్ధతిలోకి సర్దితే ముక్కలు కలిసి ఒకటవుతాయి. దాచిన విప్పుకూ పాప కొట్టినదానికీ రెండింటికీ ఇదే చెయ్యాలి. కానీ ఈ జబ్బు ఇంగ్లీషు మాటలతోనే పరీక్షించేవాళ్ళకు కనపడదు. "ట్రెయిన్" అని ఇంగ్లీషులో రాస్తే 5 అక్షరాలు, 5 బైట్లు, పేచీ లేదు. మన పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో పైథాన్ నేర్చుకుంటున్నారు, సంతోషమే. కానీ వాళ్ళ ప్రోగ్రాముల్లో ఒక్కసారైనా అమ్మమ్మ పేరు తెలుగులో పెట్టి చూస్తున్నారా? హ్యాష్‌లిబ్‌కు మాటను నేరుగా ఇస్తే అది తీసుకోదు, ముందు బైట్లుగా మార్చి తెమ్మంటుంది. ఆ కసురు ఎందుకో తెలుగు రాసే పిల్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడు కమిటీలో తెలుగు టైపింగ్ క్లాసు ఎత్తేద్దామన్న మాట వచ్చింది. మాట్లాడటం వస్తే చాలు, టైపింగ్ దేనికి అన్నారు కొందరు పెద్దలు. మాట్లాడటం ముఖ్యమన్నది నేనూ ఒప్పుకుంటాను. ఉన్న రెండు గంటల్లో ఎన్నని ఇరికిస్తాం? కానీ తెలుగు గడిలో తెలుగు కొట్టి, తప్పన్నప్పుడు తప్పు తనది కాదని తేల్చుకోగల పిల్ల మనకు కావాలి. ఆ పాప పేరులోనూ ఐత్వం ఉంది. రేపు తన పేరే ఏదో ఒక ఫారంలో దొరకకపోతే పేరు మార్చుకోవాలా, ప్రోగ్రాము సరిదిద్దాలా?

ఇంకో సంగతి. పెద్ద తరగతి కుర్రాడొకడు మన వేలిముద్రలన్నీ వారంలో విప్పేశాడు. వెనక్కి నడిపి కాదు. వాళ్ళ తాతగారితో కూర్చుని కొన్ని వందల తెలుగు మాటల జాబితా రాసి, ఒక్కోదానికీ వేలిముద్ర తీసి సరిపోల్చాడు. చిన్న మాటల్ని వట్టి హ్యాష్‌తో దాచడం ఎంత పలచనో మాకే పాఠం చెప్పాడు. పాస్‌వర్డులకు మాట మాటకూ వేరే ఉప్పు కలిపి, కావాలనే నెమ్మదిగా నడిచే పద్ధతులు వాడేది ఇందుకే. హ్యాష్‌లిబ్‌లో అవీ ఉన్నాయి. అందులోనే ఉన్న ఎండీ5ను మాత్రం ఇలాంటి కాపలాకు పెట్టకండి, ఒకే వేలిముద్ర వచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళు ఉంటాయని 2004లోనే చేసి చూపించారు. కుర్రాణ్ణి నేను తిట్టలేదు. అన్ని తెలుగు మాటలు ఏ హోంవర్కుకూ రాయలేదు వాడు!

వచ్చే టర్ములో ఆదివారం చివరి అరగంట టైపింగ్‌కు ఉంచమని కమిటీని అడుగుతున్నాను. తెలుగు కీబోర్డు వేసిన పాత లాప్‌టాప్‌లు నాలుగు చాలు. సాయానికి ఇద్దరు తల్లిదండ్రులు రావాలి. పిల్లల జాబితాలో మొదటి పేరు ఆ పాపదే రాసుకున్నాను, ఎన్‌ఎఫ్‌సిలోనే.