తూకం ముల్లు కదలడం లేదా? కంచం ఇంకా తగ్గించకండి

మూడు నెలల కిందట చింతామణి నుంచి ఒక చెల్లెమ్మ భర్తను వెంటబెట్టుకుని నా దవాఖానాకు వచ్చింది. వయసు నలభైలోపు. ఆరు నెలల్లో 82 కిలోల నుంచి 73 కిలోలకు దిగిందట. ఆ తర్వాత ఏడెనిమిది వారాలుగా తూకం అక్కడే ఆగిపోయింది. ‘‘హకీమ్ సాబ్, ఏదైనా గట్టి సఫూఫ్ ఇవ్వండి’’ అంది.

ఏం తింటున్నావు బేటీ అని అడిగాను. పొద్దున టీ, రెండు రస్కులు. మధ్యాహ్నం రెండు చపాతీలు, కాస్త కూర. రాత్రికి దోసకాయ ముక్కలు, గ్లాసు మజ్జిగ. సంగటి ముట్టి అయిదు నెలలైందట. దువ్వెన పెడితే జుట్టు ఊడి వస్తోంది. చేతులు చల్లగా ఉంటున్నాయి. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. నెలసరి తప్పింది, గర్భం కాదని పరీక్షలో ముందే తేలింది. పక్కనున్న భర్త, ‘‘ఆ రెండు చపాతీలు ఒకటి చేయమంటారా సాబ్?’’ అని అడిగాడు.

నేను సఫూఫ్ ఇవ్వలేదు. ‘‘ఇంకొంచెం ఎక్కువ తిను’’ అన్నాను. ఇద్దరూ నేను పొరపాటున అన్నానేమోనని నా ముఖం చూశారు. బరువు తగ్గాలని వచ్చిన మనిషితో ఎక్కువ తినమని ఎందుకన్నానో, ఆ మాట ఎవరికి చెల్లుతుందో, ఎవరికి చెల్లదో ఈ వారం మీతో చెప్పాలని ఉంది.

శరీరం చేసే పొదుపు

మన బాగేపల్లి, చింతామణి వైపు ఇళ్ళలో నీళ్ళ కరువు తెలియనివారు లేరు. కుళాయి రోజూ వచ్చినప్పుడు ఇల్లాలు ఎలా వాడుతుంది? వారానికోసారి వచ్చినప్పుడు ఎలా వాడుతుంది? కడిగిన నీళ్ళే మొక్కలకు పోస్తుంది, బట్టలు రెండు రోజులకోసారి ఉతుకుతుంది. శరీరం కూడా అంతే. నెలల తరబడి తిండి తక్కువైతే అది ఖర్చు తగ్గించుకుంటుంది. మనిషికి తెలియకుండానే నడక మందగిస్తుంది, కూర్చున్న చోటు నుంచి లేవబుద్ధి కాదు, ఒళ్ళు చల్లబడుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. పైగా 82 కిలోల ఒంటిని మోయడానికి కావలసినంత తిండి 73 కిలోల ఒంటికి అక్కరలేదు. ఈ రెండూ కలిసి ఒకనాడు రాబడి, ఖర్చు సమానమవుతాయి. ముల్లు ఆగుతుంది.

యునానీలో దీన్ని హరారతె గరీజియా అనే మాటతో అర్థం చేసుకోవచ్చు. అంటే పుట్టుకతో ఒంటిలో ఉండే వేడి. పొయ్యిలో కట్టెలు బొత్తిగా తీసేస్తే వంట త్వరగా కాదు, మంట ఆరిపోతుంది.

ఇది మాటవరసకు చెబుతున్నది కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు రోజుకు దాదాపు 1,600 కేలరీల తిండి మాత్రమే పెట్టి చూశాడు. వారి బరువు నాలుగో వంతు తగ్గింది. ఊరకే పడుకుని ఉన్నప్పుడు ఒళ్ళు చేసే ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. చలి తట్టుకోలేకపోయారు, చిరాకు పడ్డారు, పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. ఒక్క మాట గమనించండి. ఖర్చు తగ్గిందే గాని ఆగిపోలేదు. ‘‘నేనేమీ తినకపోయినా లావెక్కుతున్నాను’’ అనే మాటకు ఈ పరీక్షలో సాక్ష్యం లేదు.

నోటుబుక్కు చెప్పిన నిజం

అందుకే ఆ చెల్లెమ్మకు ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోమన్నాను. వారం రోజులు నోట్లో పడిన ప్రతిదీ రాయమన్నాను. వంట చేస్తూ రుచి చూసిన ముక్క, పిల్లలు వదిలేసిన అన్నం, టీలో చక్కెర, అన్నీ. ‘‘నన్ను మెప్పించడానికి రాయొద్దు బేటీ, నీ కోసం రాసుకో’’ అని చెప్పాను.

వారం తర్వాత ఆ పుస్తకం చూస్తే అసలు కథ తెలిసింది. అయిదు రోజులు నాతో చెప్పినట్టే, రోజుకు సుమారు 900 కేలరీలు. మిగిలిన రెండు రోజులు వేరు. శుక్రవారం రాత్రి ఆకలికి తాళలేక ఒక బిస్కెట్ ప్యాకెట్టు మొత్తం. ఆదివారం వలీమాలో రెండు ప్లేట్ల బిర్యానీ, ఇంటికొచ్చాక మిగిలిన మిఠాయి. ఆ రెండు రోజులు 2,500 దాటింది. లెక్క వేస్తే వారం సగటు రోజుకు 1,350 దాకా వచ్చింది. ఆమె సిగ్గుతో తల వంచుకుంది. నేనేమీ కోప్పడలేదు. అయిదు రోజులు కడుపు మాడ్చిన మనిషి ఆరో రోజు బిస్కెట్లు తినడం దొంగతనం కాదు. ఒళ్ళు తన బాకీ వసూలు చేసుకుంది, అంతే.

మనం తినేది మనకే సరిగా గుర్తుండదని పరీక్షలు కూడా చెబుతున్నాయి. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న కొందరిని అమెరికాలో శాస్త్రజ్ఞులు పరిశీలించి 1992లో ఫలితం ప్రకటించారు. వారు చెప్పినదానికి దాదాపు రెట్టింపు తింటున్నారని తేలింది. అందరూ అబద్ధాలకోరులని కాదు. నూనె, చక్కెర, చిరుతిండి మనసు లెక్కలోకి రావు. అయిదుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్ల నూనె ఖర్చయితే మనిషికి రోజుకు దాదాపు 270 కేలరీలు నూనె నుంచే వస్తాయి. మీ ఇంటి నూనె లెక్క మీరే వేసి చూడండి.

ఎవరికి చెల్లుతుంది?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎక్కువ తింటే కొవ్వు కరుగుతుందని నేను చెప్పడం లేదు. అలా చెప్పేవారిని నమ్మకండి. నెలల తరబడి మరీ తక్కువ తిని నీరసించిన మనిషికి మాత్రం ఇంకా తగ్గించడం కంటే రెండు వారాలు ఒంటికి సరిపడా తిని, బలం పుంజుకుని, మళ్ళీ మొదలుపెట్టడం మంచిది. అలా తింటే రాత్రిపూట ఆవురావురుమనే ఆకలి తగ్గుతుంది, కాళ్ళలో నడిచే సత్తువ వస్తుంది, పథ్యం నెలలపాటు నిలుస్తుంది.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 51 మంది లావుపాటి మగవారి మీద ఇలాంటి పరీక్షే జరిగి 2017లో వెలువడింది. కొందరు ఏకధాటిగా 16 వారాలు తిండి తగ్గించారు. మిగతావారు రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు సరిపడా తిని, అలా విడతలుగా అదే 16 వారాల పథ్యం పూర్తి చేశారు. విడతలుగా చేసినవారే ఎక్కువ బరువు తగ్గారు. అయితే తర్వాత జరిగిన పరీక్షలన్నింటిలో అంత తేడా కనబడలేదు. కాబట్టి దీన్ని మంత్రంలా చూడకండి. బలం కోల్పోయినవారికి ఒక ఊతం అనుకోండి.

ఇక ఎవరికి చెల్లదు? వారానికోసారి దావత్, రోజూ నాలుగు టీలు, రాత్రి పదకొండుకు భోజనం చేస్తూ ‘‘ముల్లు ఆగింది’’ అనేవారికి చెల్లదు. వారు ముందు నోటుబుక్కు కొనాలి. పది రోజులు తూకం కదలకపోతే కంగారు పడేవారికీ చెల్లదు. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు నిలిచి కిలో, కిలోన్నర తేడా చూపుతుంది. నాలుగు వారాలు చూడండి. నడుముకు టేపు పెట్టి కొలవండి. తూకం ఆగినా నడుము తగ్గుతుంటే మీ దారి సరైనదే. మనవారిలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటిన నడుమును జాగ్రత్తగా చూసుకోవాలి. ఇది అందం కోసం చెప్పే మాట కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవారిలో 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఉంది. చక్కెర జబ్బుకు అదే తొలి మెట్టు.

ఏం తినమన్నాను?

ఆ చెల్లెమ్మకు కొత్తగా ఏదీ కొనమని చెప్పలేదు. పొద్దున రస్కులు తీసేసి ఒక గుడ్డు, ఒక దోసె. మధ్యాహ్నం చిన్న సంగటి ముద్ద, గిన్నెడు ఉలవల చారో పప్పో, ఆకుకూర. అనపకాయల కాలంలో పితికిన పప్పు ఉండనే ఉంది. రాత్రి ఒక చపాతీ, కూర, పెరుగు. మూడు పూటలా కడుపు నిండాలి, మూడు పూటలా పప్పో గుడ్డో మాంసమో ఏదో ఒకటి ఉండాలి. మన పెద్దలు సంగటి తిని పొలం పనులు చేశారు. సంగటి మానేసి రస్కు తినడం ఏం పథ్యమో నాకైతే అర్థం కాదు.

రెండు వారాల్లో ఆమె కిలో పెరిగింది. భయపడి ఫోన్ చేసింది. ‘‘అందులో చాలావరకు నీరే బేటీ, ఓపిక పట్టు’’ అన్నాను. మూడో వారం నుంచి నూనె, చక్కెర తగ్గించి, రోజూ నలభై నిమిషాల నడక పెట్టాం. సంగటి మాత్రం ముట్టుకోలేదు, అలాగే ఉంచాం. రాత్రి నిద్ర ఏడు గంటలు చేశాం. ఎందుకంటే అస్బాబె సిత్తా జరూరియా అని మనం చెప్పుకునే ఆరు అవసరాల్లో తిండి ఒకటి మాత్రమే. కదలిక, నిద్ర, మనసు కూడా అందులో ఉన్నాయి. మొన్న వచ్చినప్పుడు 70 కిలోలు ఉంది. నెలసరి తిరిగి వచ్చింది. జుట్టుకు ఇంకా సమయం పడుతుంది. ఒకరి అనుభవం అందరికీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా శుక్రవారం బిస్కెట్ ప్యాకెట్టు తన ఇంట్లో మాయమైందని ఆమె నవ్వుతూ చెప్పినప్పుడు నాకు తూకం కంటే ఆ మాటే సంతోషం కలిగించింది.

నా వృత్తి గురించి ఒక మాట

ఇరవై ఏళ్ళ కిందట నేనూ ‘‘ఇంకా తగ్గించు’’ అన్నవాణ్ణే. స్థూలకాయం బల్గమ్ జబ్బు, తిండి తగ్గించి కసరత్తు పెంచాలని మేము చదువుకున్నాం. అది తప్పు కాదు. కానీ నా మాట విని కంచం సగం చేసిన బాగేపల్లి సోదరుడొకరు బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయాడు. చక్కెర మాత్రలు వేసుకుంటున్నాడని నేను ముందే అడగలేదు. ఆ తప్పు నాదే. మరీ కటువైన పథ్యం దీర్ఘ రోగాల్లో ప్రమాదమని బుఖ్రాత్ ఏనాడో హెచ్చరించాడు. రోగిలోని తబీయత్‌ను బలపరచడమే హకీమ్ మొదటి పని.

నా అల్మారాలో సఫూఫె ముహజ్జిల్ ఉంది. అమ్మితే నాకు నాలుగు రూపాయలు వస్తాయి. తిండి, నడక, నిద్ర సరిచేయకుండా అది ఇవ్వడం నాకిష్టం లేదు. ఊరూ పేరూ లేని ‘‘పదిహేను రోజుల్లో పది కిలోలు’’ పొడులు మాత్రం అసలే వాడకండి. గుండెకు హాని చేస్తుందని మన దేశంలో 2011లో నిషేధించిన సైబ్యుట్రమిన్ అనే మందును ఇలాంటి ‘‘మూలికల’’ పొడుల్లో దొంగచాటుగా కలపడం విదేశాల్లో తనిఖీల్లో పలుమార్లు బయటపడింది.

చివరగా జాగ్రత్తలు. చక్కెర జబ్బుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా తిండి తగ్గించకూడదు, పెంచకూడదు. జుట్టు రాలడం, చలి, నెలసరి తప్పడం ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. హకీమ్ దగ్గరికి వస్తున్నామని రక్తపరీక్ష మానుకోవద్దు.

కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న ఉపదేశం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఎక్కువ తినకూడదని దాన్ని గుర్తు చేసుకుంటాం. తిండికి కూడా అందులో ఒక వాటా ఉందని మరచిపోతాం. ఆ వాటా మీ ఒంటి హక్కు. దాన్ని ఎగ్గొట్టకండి.