క్లోన్ చేసుడు తేలికే, క్లీన్ చేసే దగ్గరే ఆలోచించాలె

ఈసారి పోస్టు స్కాలర్‌షిప్‌ల మీద కాదు, కంటైనర్ల మీద. ల్యాప్‌టాప్ పంచుకునే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే విషయం, కొంచెం ఓపికగా చదవండి.

మొయినాబాద్, చేవెళ్ల చుట్టూ కాలేజీల్లో చదువుతూ రూముల్లో ఉంటున్న మనోళ్ల సంగతి మనకు తెలుసు. రూముకు ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, దాని మీద నలుగురి ప్రాజెక్టులు. అందుకే డాకర్ మనకు వరం లాంటిది. ఒకరి పైథాన్ వెర్షన్ ఇంకొకరికి అడ్డం రాదు. ఒకే ఇమేజ్ మీద నాలుగు కంటైనర్లు తీసినా ఇమేజ్ నాలుగుసార్లు కాపీ కాదు. కింది పొర అందరికీ ఒకటే, ఎవరు చేసిన మార్పులు వాళ్ల పలుచని పై పొరలో ఉంటయి.

చిక్కు తర్వాత వస్తది. ఆపేసిన కంటైనర్ దానంతట అది పోదు. ‘డాకర్ పీఎస్’ కొడితే నడుస్తున్నవే కనబడతయి, ఆగినవి చూడాలంటే ‘ఏ’ ఆప్షన్ పెట్టాలె. అట్ల కనబడకుండనే డిస్క్ నిండిపోతది. అప్పుడు ఎవరో ఒక తమ్ముడు వీడియో చూసి ‘డాకర్ సిస్టమ్ ప్రూన్’ కొడతడు. ‘వై’ ఆ ‘ఎన్’ ఆ అని అడిగితే ‘వై’ నొక్కుతడు. ఆ కమాండ్‌కు ఏది ఎవరిదో తెలియదు. ఆగి ఉన్న కంటైనర్లన్నీ పోతయి, రివ్యూ కోసం లోపలనే కోడ్ రాసుకున్న చెల్లె పని కూడా.

ఇక్కడ తిట్టాల్సింది తమ్ముడిని కాదని మా అభిప్రాయం. ఒంటరిగా వాడుకునేవాళ్ల కోసం చేసిన కమాండ్‌ను నలుగురి మెషిన్ మీద వాడుతున్నం. డాకర్ వాళ్లే మొదట్లో ప్రూన్‌తో వాల్యూమ్‌లను కూడా తీసేసేవాళ్లు. 2017లో 17.06.1 నుంచి, ప్రత్యేకంగా అడిగితే తప్ప వాల్యూమ్ జోలికి పోకుండా మార్చిన్రు. అంటే డిఫాల్ట్ ఏంది అన్నదే అసలు డిజైన్. డాకర్ కంటే ముందు, 2008 నుంచే ఉన్న ఎల్ఎక్స్‌సీలోనూ క్లోన్‌కు ఒక కమాండ్, తాత్కాలిక కంటైనర్‌కు ఇంకో కమాండ్ ఉండేవి. 2016లో వచ్చిన 2.0 నాటికి రెండింటి పనీ ‘ఎల్ఎక్స్‌సీ కాపీ’లో కలిపిన్రు. ఇది తాత్కాలికమా కాదా అన్నది కాపీ తీసేటప్పుడే ఒక ఆప్షన్‌తో చెప్పాలె. డాకర్ రన్‌లో ‘ఆర్ఎం’ పని కూడా అదే. మాకు నచ్చింది ఈ పద్ధతే: పుట్టేటప్పుడే చెప్పాలె, చంపేటప్పుడు ఊహించొద్దు.

కాబట్టి మన రూముల కోసం మనమే ఒక చిన్న టూల్ రాసుకోవాలని మేము అంటున్నం. యాభై, వంద లైన్ల బాష్ స్క్రిప్ట్ చాలు. క్లోన్ చేసేటప్పుడు మనిషి పేరును లేబుల్‌గా వేయాలె, పేరు లేకుంటే క్లోనే కావొద్దు. కోడ్ ఫోల్డర్ కంటైనర్ బయటే ఉండాలె. క్లీన్ అంటే మొదట జాబితా మాత్రమే చూపించాలె: ఏది, ఎవరిది, ఎంత సైజు, ఎప్పుడు ఆగింది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల మీద కేసు ఎన్జీటీ దాకా పోయింది కదా, కొట్టే ముందు లెక్క అడిగే హక్కు సంగతి ఇక్కడోళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు.

రాసేవాళ్లకు ఒక జాగ్రత్త. ప్రూన్‌లో ‘అంటిల్’ అనే ఫిల్టర్ ఉంది. అది చూసేది కంటైనర్ పుట్టిన టైము, ఆగిన టైము కాదు. పది రోజుల కింద తీసి, నిన్న రాత్రి దాకా పని చేసి ఆపినదాన్ని కూడా పాతదనే లెక్కేస్తది. అందుకే ‘ఇన్‌స్పెక్ట్’ చేసి ఆగిన టైము తీసుకోవాలె.

ఇంకోటి, ‘వై’ నొక్కుడు బంద్ పెట్టాలె. తీసేయాలంటే ఆ కంటైనర్ పేరు మొత్తం టైప్ చేయాలె. కొందరు అన్నలు ఇది ఆలస్యం అంటున్నరు. కానీ ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివి ఈ సంవత్సరమే నల్ల స్క్రీన్ చూస్తున్న పిల్లకు ఆ అర నిమిషం ఆలస్యం మంచిదే. చాలా టెర్మినల్స్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు విరిగిపోతయి, కాబట్టి మెసేజ్‌లు ఇప్పటికి ఇంగ్లీషు అక్షరాల్లోనే మన మాటలు రాయాలె. ‘తీసేయనా’ అనే ప్రశ్నను లంబాడీలో, గోండిలో, కోయలో ఎట్ల అడుగుతరో కామెంట్‌లో రాయండి. భాష ఎంచుకునే ఆప్షన్ మొదటి వెర్షన్‌లోనే పెడదాం.