గుర్రు ఆగినప్పుడే భయం

శ్రీకూర్మం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. "మా వారికి యాభై రెండేళ్ళు. పడుకోగానే గుర్రు మొదలవుతుంది. గుర్రు వినిపిస్తున్నంతసేపూ నాకు బెంగలేదు డాక్టరుగారూ, అది ఆగిపోయినప్పుడే భయం. నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. ఇరవై, ముప్ఫై అయ్యాక ఉలిక్కిపడి ఊపిరి పీల్చి, మళ్ళీ గుర్రు పెడతారు. రక్తపోటుకు మూడురకాల బిళ్ళలు వాడుతున్నా దిగడం లేదు. ఇ.సి.జి. బాగుందన్నారు. ఆయనేమో 'గుర్రుపెట్టేవాడే హాయిగా నిద్రపోయేవాడు' అని నవ్వేస్తారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ఆయన నవ్వును నమ్మకండి, మీ లెక్కను నమ్మండి. ఈ జబ్బు ఉన్నవారికి తమ జబ్బు కనిపించదు, పక్కన పడుకున్నవారికే కనిపిస్తుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. అంటే నిద్రలో ఊపిరి ఆగిపోవడం.

కొబ్బరిబొండాంలో వేసిన కాగితపు గొట్టం నానిపోయాక గట్టిగా పీలిస్తే నొక్కుకుపోతుంది చూశారా? నాలుక వెనక మన గొంతు కూడా అలాంటిదే. దాన్ని నిలబెట్టే ఎముక అక్కడ లేదు, కండరాలే ఆధారం. నిద్రలో అవి సడలితే దారి ఇరుకై గుర్రు వస్తుంది. పూర్తిగా మూసుకుపోతే గుర్రూ ఉండదు, గాలీ ఉండదు. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని క్షణంసేపు లేపుతుంది. ఆ క్షణంలో గుండె పరుగెత్తుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. పొద్దున్నకి ఇదేదీ ఆయనకు గుర్తుండదు. పది సెకండ్లు ఆగినా మేము ఒకటిగా లెక్కిస్తాం. గంటకు 5 దాటితే జబ్బు కిందికి వస్తుంది, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు! శ్రీకూర్మనాథుని గుళ్ళో తాబేళ్ళను చూసే ఉంటారు. ఆ జాతికి ఊపిరి బిగబట్టడం చెల్లుతుందేమో గాని మనిషి గుండెకు చెల్లదు.

మామూలు మనిషికి రాత్రిపూట రక్తపోటు నూటికి పది నుంచి ఇరవై వంతులు తగ్గుతుంది. గుండెకు అదే విశ్రాంతి. మీ వారి గుండెకు ఆ సెలవు లేదు. మూడు బిళ్ళలకూ రక్తపోటు లొంగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. కొందరిలో గుండె లయ తప్పుతుంది, దానివల్ల పక్షవాతం కూడా రావచ్చు. మెలకువగా ఉన్నప్పుడు కొద్ది సెకండ్లు తీసిన ఇ.సి.జి.లో ఇది కనబడాలని ఎక్కడుంది? అమెరికాలో 2005లో వచ్చిన ఒక పరిశీలనలో, మామూలు జనంలో గుండె హఠాత్తుగా ఆగి పోయినవారు ఉదయం ఆరు తర్వాత ఎక్కువగా ఉంటే, ఈ జబ్బున్నవారిలో అర్ధరాత్రికీ ఆరుకూ మధ్య ఎక్కువగా ఉన్నారు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన ఊళ్ళను ఊపేసిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు ముంబై వైద్యులు చెప్పిన కారణం ఈ జబ్బే.

ఇక పరీక్ష. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సిమీటరు చాలా ఇళ్ళలో బీరువాలో పడివుంది. పగలు వేలు పెట్టి చూసి 98 ఉందని సంబరపడకండి, పగలు బాగానే ఉంటుంది. కావలసింది రాత్రంతా అంకెలు దాచుకునే రకం. గోళ్ళరంగు తీసేసి, వేలికి వదులు కాకుండా తగిలించి పడుకోవాలి. పొద్దున్న ఆ గీత సాఫీగా ఉండక రంపపు పళ్ళలా పదేపదే మూడు నాలుగు అంకెలు పడి లేస్తుంటే అనుమానం బలపడినట్టే. 90కి దిగువన ఎంతసేపు ఉన్నదీ డాక్టరు చూస్తారు. అయితే గీత బాగున్నంత మాత్రాన జబ్బు లేదని తేల్చకూడదు. ప్రాణవాయువు అంతగా పడకుండానే నిద్ర చెడేవారున్నారు. ఊపిరితిత్తుల జబ్బున్నవారిలో ఈ గీత తికమక పెడుతుంది. తేల్చేది పూర్తి నిద్ర పరీక్షే. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఛాతీ వైద్యునికో, చెవి ముక్కు గొంతు వైద్యునికో చూపించండి. అవసరమైతే విశాఖ పంపుతారు. వెళ్ళేటప్పుడు ఆయన నిద్రను సెల్‌ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి తీసుకువెళ్ళండి. ఆయన కోప్పడినా సరే.

చికిత్సలో మొదటిది బరువు తగ్గడం. సన్నగా ఉన్నాను కదా అని ధీమా వద్దు. దవడ చిన్నదైతే బక్కవారికీ వస్తుంది. రాత్రి మందు, నిద్రమాత్రలు ఈ జబ్బులో విషం. పక్కకు తిరిగి పడుకోవాలి. బనీను వీపున జేబు కుట్టి బంతి పెడితే వెల్లకిలా తిరగనివ్వదు, ఖర్చూ లేదు. జబ్బు ముదిరితే సీపాప్ అనే యంత్రం ముక్కుగుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ దీన్ని ప్రవేశపెట్టారు. దీన్ని అమ్మేవాళ్ళు గుండెపోటు రాదని అభయమిస్తే మాత్రం నమ్మకండి. మనదేశపు రోగులు కూడా ఉన్న 2,700 మంది అధ్యయనం 2016లో వెలువడింది. పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది, కాని గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. వాళ్ళు యంత్రం పెట్టుకున్నది రాత్రికి సగటున మూడుంబావు గంటలే లెండి. కనుక రాత్రంతా పెట్టుకోవాలి, రక్తపోటు బిళ్ళలు మానకూడదు, ఆవకాయ, ఎండుచేపల ఉప్పు తగ్గించుకోవాలి. 2018లో తిత్లీ తుపానుకు మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు కదా, యంత్రం కొనేటప్పుడే బ్యాటరీ సంగతి అడగండి.

గుర్రు మగవాళ్ళదే అనుకోకండి. ముట్లుడిగిన స్త్రీలలో ఇది పెరుగుతుంది. వాళ్ళు తలనొప్పి, నీరసం, నిద్రపట్టదు అంటారు గాని, గుర్రు మాట సిగ్గుతో దాస్తారు. దాయకండి. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ; డయాలిసిస్‌కు వెళ్ళినప్పుడు చెప్పండి. హైవేమీద లారీ నడిపేవారికి పగటిపూట కునుకు వస్తుంటే పరీక్షయ్యేవరకు స్టీరింగు ముట్టవద్దు.

మీ వారికి ఎప్పుడైనా హెర్నియాకో మరిదేనికో ఆపరేషను చేయవలసివస్తే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ గుర్రు సంగతి మీరే ముందుగా చెప్పండి. ఆయన చెప్పరు.