చౌక మైకు, ఖరీదైన అబద్ధం

"ఇంట్ల కూసోని చౌక మైకుల పాడితే అది రికార్డింగే కాదు. నాణ్యత కావాలంటే పట్నం పోవాలె. స్టూడియో కిరాయికి తీసుకోవాలె. ఇంజనీరు ఎట్ల పాడమంటే అట్ల పాడాలె."

ఈ మాట చిరాగ్‌పల్లి వాడల్లో డప్పు కొట్టే పిల్లగాళ్ల నుంచి, జహీరాబాద్‌లో పాటల వీడియోలు తీయించే లీడర్ల దాకా అందరి నోట్లో నానుతోంది. ఇది అబద్ధం. దీనికి జవాబుగా మనోళ్లే ఇంకో మాట అంటున్నారు. "ఫోన్ల కొట్టి పడేస్తే చాలు, పాటల దమ్ముంటే అదే పోతది" అని. ఇదీ అబద్ధమే. మొదటి అబద్ధం మన పైసలు తింటుంది. రెండోది మన పాటను తింటుంది. రెండింటినీ విప్పి చూద్దాం.

నాణ్యత ఎవరి చెవి?

ముందు ఒక పాత లెక్క. ఆకాశవాణి 1940లో హార్మోనియం పెట్టెను నిషేధించింది. పల్లె భజనల్లో, నాటకాల్లో, పేదోళ్ల పెళ్లిళ్లలో మోగే పెట్టె అది. సంగీతానికి పనికిరాదని పెద్దలు తేల్చారు. మూడు దశాబ్దాలు దానికి రేడియో స్టేషను గడప తొక్కే యోగ్యత లేకుండా పోయింది. 1971లో నిషేధాన్ని కొంత సడలించారు. ఈ మధ్యలో పెట్టె మారిందా? లేదు. మెట్లు మారినయా? లేదు. మారింది ఉత్తర్వు ఒక్కటే. నిన్నటిదాకా నాణ్యత లేనిది మర్నాడు నాణ్యత గలది అయింది!

1952లో కేంద్ర మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటల మీద కూడా ఇట్లనే కత్తి దూశాడు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు.

ఈ కథలు ఎందుకంటే, నాణ్యత అనే మాటలో రెండు సంగతులు కలగాపులగంగా ఉంటాయి. ఒకటి, సద్దు తేటగా ఉందా లేదా అనేది. అది కొలిచి చూడగలిగే పని. రెండోది, ఎవరి గొంతు వినదగింది అనేది. అది కులం సంగతి. స్టూడియోలో "మీ డప్పు గోలగా ఉంది, తీసేసి కీబోర్డు వేద్దాం" అంటే అది మొదటి సంగతి కాదు, రెండోది. "అమ్మా, ఆ మాట సరిగ్గా పలుకు" అని డెబ్బై ఏళ్ల ముసలవ్వను దిద్దితే అదీ రెండోదే. మన దిక్కు మాటలో కన్నడ యాస ఉంటది, ఉర్దూ ముక్కలుంటయి. అది తప్పు పలకడం కాదు, అది మన పలుకు. సద్దు తేటగా లేదని చెప్పేవాడి మాట వినాలె. నీ పలుకే బాగలేదనే వాడికి పైసలిచ్చి మరీ తిట్టించుకోవద్దు.

యంత్రం ఏమంటోంది?

1979లో జపాన్ కంపెనీ టియాక్ ఒక చిన్న పెట్టె తెచ్చింది. పేరు పోర్టాస్టూడియో. మామూలు క్యాసెట్టు మీద నాలుగు వరుసల్లో విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఇంట్లో ఆ పెట్టె పెట్టుకొని, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో పాటలు పాడుకున్నాడు. అవి వట్టి నమూనాలనుకున్నాడు. తర్వాత పెద్ద స్టూడియోలో మొత్తం వాద్య బృందంతో మళ్లీ పాడితే ఆ జీవం రాలేదు. చివరికి ఆ క్యాసెట్టునే అదే ఏడాది 'నెబ్రాస్కా' అనే ఆల్బంగా విడుదల చేశారు. ఇంకో సంగతి. బిల్లీ ఐలిష్ అనే పిల్ల, ఆమె అన్న ఫిన్నియస్ 2019లో విడుదలైన ఆల్బంను లాస్ ఏంజెల్స్‌లో తమ ఇంటి పడకగదిలో రికార్డు చేశారు. 2020 జనవరిలో గ్రామీ పెద్ద బహుమతులు ఆ పడకగదికే వచ్చాయి.

"వాళ్లు అమెరికావాళ్లు, వాళ్ల వెనుక కంపెనీలున్నయి" అంటారా? నిజమే. చివరి మెరుగు ఆరితేరినవాళ్ల చేతనే పెట్టించారు. క్యాసెట్టు నుంచి రికార్డు ప్లేటుకు ఎక్కించడానికి నానా తంటాలు పడ్డారు కూడా. కానీ గొంతు పట్టింది చిన్న మిషనే, గది ఇల్లే. మనకు కావలసిన రుజువు అంతే.

అమెరికా దాకా ఎందుకు? మన ఝరాసంగం మండలం మాచునూర్‌నే చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడబిడ్డలు 1990ల చివర నుంచే అక్కడ టేపుల మీద రికార్డు చేయడం నేర్చారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఆ పనిలో పేరు తెచ్చుకున్నవాళ్లు. సాగు ముచ్చట్లు, పాటలు, మందు చెట్ల సంగతులు ముసలోళ్ల నోటి నుంచి పట్టి పెట్టారు. యునెస్కో సాయంతో స్టూడియో ఉంది, నేర్చిన చేతులున్నాయి. లేనిది ఒక్కటే, సర్కారు అనుమతి! గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. అయినా ప్రజలకు స్టేషను ఇవ్వడానికి ఢిల్లీకి చేతులు రాలేదు. 2002లో విద్యాసంస్థలకు ఇచ్చారు. మనలాంటి సంఘాలకు తలుపు తీసింది 2006 నవంబరులో. అందాకా మాచునూర్ ఆడోళ్లు క్యాసెట్లను సంఘాల మీటింగుల్లో వినిపించుకుంటూ దాదాపు పదేళ్లు నడిపారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్.

పదేళ్లు ఆపింది మైకు ధర కాదు. కాగితం. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే "మీ సామాను చాలదు" అనే మాట వెనుక ఏముందో తెలుస్తుంది.

మన తప్పు దిద్దుకోవాలె

ఇక రెండో అబద్ధం. "దమ్ముంటే చాలు" అనేవాళ్లను అడుగుతున్నాను. సభలో ఫోను ఎత్తి పట్టుకొని తీసిన పాట ఇంటికొచ్చి వింటే మాట తెలుస్తోందా? డప్పు పగిలిన రేకులాగా మోగడం లేదా? అవ్వ పాట కంటే ఫ్యాను పాట ఎక్కువ వినిపించడం లేదా? ఆ అవ్వ రేపు ఉండదు. ఆ పాట ఇంకెవరికీ రాదు. అజాగ్రత్త తిరుగుబాటు కాదు. చౌక సామానుతో పని చేసేవాడికి పని చౌకగా చేసే హక్కు లేదు.

సామాను ఎంత? ఒక డైనమిక్ మైకు, రెండు మైకులు గుచ్చే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, స్టాండు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను. ఇదే మొత్తం. ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే అడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. పది సంఘాలు కలిసి చందా వేసుకుంటే అయ్యే పని. అసలు ఖర్చు సామానుది కాదు, ఓపికది.

డప్పు సంగతి చూడండి. నెగడు మీద కాచిన డప్పు దెబ్బ చాలా జోరుగా వస్తుంది. మీటరు ఎర్ర గీతను తాకిందంటే ఆ దెబ్బ తల తెగిపోతుంది. తెగిన ముక్కను ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తేలేదు. అందుకే గట్టిగా కొట్టించి చూసి, ముల్లు మైనస్ 12 దగ్గర ఆగేటట్టు మట్టం తగ్గించాలె. 24 బిట్ల మీద తీస్తే తక్కువ మట్టంలో వచ్చినా తర్వాత పెంచుకోవచ్చు. తోలు చల్లారితే డప్పు శ్రుతి దిగుతుంది. రెండు పాటలకొకసారి మళ్లీ కాయాలె. ఈ సంగతి ఏ స్టూడియో ఇంజనీరు కంటే మన తాతకే బాగా ఎరుక.

అవ్వ మెల్లగా పాడేటప్పుడు లెక్క తలకిందులు. చౌక ఇంటర్‌ఫేసుకు ఉండే లోపం లోపల్నుంచి వచ్చే సన్నని "సుయ్" సద్దు. డప్పు కింద అది వినపడదు. మెల్లని గొంతు కింద వినపడుతుంది. మందు ఏమిటి? దగ్గరికి జరగడమే. ఆరుబయట దూరం రెండింతలైతే సద్దు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టాలె. నేరుగా పెడితే 'ప', 'బ' లు దబ్ దబ్ మంటాయి.

తర్వాత గది. ఖాళీ సిమెంటు గదిలో లక్ష రూపాయల మైకు పెట్టినా బావిలో అరిచినట్టే ఉంటుంది. రేకుల షెడ్డు ఇంకా అన్యాయం. ధాన్యం బస్తాలు, బొంతలు ఉన్న ఇల్లు మేలు. పాడేవాళ్ల వెనుక గొంగడి వేలాడదీయండి. గొంగడి ఉన్ని మార్మోతను తాగేస్తుంది. స్టూడియోలు గోడలకు ఖరీదైన మెత్తలు అతికించేది ఈ పనికే. చిరాగ్‌పల్లిలాగా ముంబై రోడ్డు పక్కన ఉన్న ఊళ్లో లారీల మోత రాత్రి కూడా ఆగదు. అక్కడ దూరపు సద్దును కూడా సన్నంగా పట్టే ఖరీదైన కండెన్సర్ మైకు కంటే, దగ్గర పెట్టి పాడే మామూలు డైనమిక్ మైకే మంచిది. లేదంటే రోడ్డుకు దూరంగా చెలకలోకి పోండి. అక్కడ గోడలు లేవు, మార్మోత లేదు. గాలి కొట్టకుండా మైకుకు స్పాంజి తొడగండి.

పదిమంది డప్పులు, ఇద్దరు పాటగాళ్లు ఉంటే రెండు మైకులు చాలవు అంటారు. విడివిడిగా పట్టి తర్వాత కలపాలంటే నిజంగానే చాలవు. అది చౌక సామాను హద్దు. ఒప్పుకోవాలె. కానీ 1925కు ముందు గ్రామఫోను రికార్డులన్నీ ఒక్క బూర ముందే నిలబడి పాడినవి. మెల్లని గొంతు ముందు, జోరు వాద్యం వెనుక. అట్లనే పాటగాళ్లను మైకు దగ్గర పెట్టి, డప్పులను నాలుగు మూరలు వెనక్కి జరపండి. హెడ్‌ఫోన్‌లో విని మళ్లీ జరపండి. పది సార్లైనా సరే.

మిషను ఎవరిదైతే పాట వాళ్లది

ఇంత తంటా ఎందుకు, ఎవరో ఒకరు వచ్చి రికార్డు చేసుకుపోతే పోలేదా అనేవాళ్లకు అసలు సంగతి చెప్పాలె. 1957 కాపీరైటు చట్టంలో పాట వేరు, రికార్డింగు వేరు. రికార్డింగు చేయడానికి పూనుకొని బాధ్యత తీసుకున్నవాడు దాని నిర్మాత. చట్టం లెక్కలో దానికి కర్త ఆయనే. విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు నడుస్తుంది. అవ్వ పాట ఊరందరిదీ కావచ్చు. కానీ ఆ అవ్వ గొంతు ఉన్న ఫైలు బటను నొక్కించిన పెద్దమనిషిది! రేపు ఆమె మనుమరాలు అదే ఫైలును తన పేజీలో పెట్టుకుంటే దొంగ అనిపించుకునేది మనుమరాలే. పాడినవాళ్లకు కూడా చట్టంలో హక్కులున్నాయి, 2012 సవరణ రాయల్టీ సంగతి కూడా చెప్పింది. కానీ అట్ట మీద "సేకరణ: ఫలానా సారు" అని పెద్దక్షరాలుండి, పాడిన ఆమె పేరే లేకపోతే ఏ రాయల్టీ ఎవరికి వస్తుంది?

అందుకే సంఘాలకు చెబుతున్నాం. మండలానికి ఒక్క పెట్టె సామానైనా కొనండి. అది లీడరు ఇంట్లో కాదు, ఆడోళ్ల సంఘం చేతిలో ఉండాలె. ఊరికి ఇద్దరు పిల్లలు నేర్వాలె, అందులో ఒకరు ఆడపిల్ల కావాలె. ప్రతి పాటకు ముందు పాడేవాళ్లు తమ పేరు, ఊరు, తారీఖు తమ నోటితోనే చెప్పాలె. ఎవరికి ఇవ్వచ్చో, ఎవరికి ఇవ్వద్దో కూడా వాళ్లే చెప్పాలె. అసలు ఫైలు రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పంపితే అది సద్దును నలిపేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. చివరి మెరుగుకు స్టూడియో కావాలంటే పోండి, తప్పు లేదు. కానీ రికార్డు చేసుకున్న పాట చేతిలో పట్టుకొని పోండి. కూలి ఇచ్చి పని చేయించుకునేవాళ్లలాగా పోండి, దరఖాస్తు పెట్టుకునేవాళ్లలాగా కాదు.

1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక పెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా 'కేసరి' పత్రిక దాని ప్రకటన వేయలేదు. ఆయన కేసరి వాకిట్లో నిలబడి మా నాణ్యత చూడండని బతిమాలలేదు. పత్రిక నడిపాడు. తప్పుల్లేకుండా, చదవదగ్గట్టుగా నడిపాడు. మన పని కూడా అదే. ఈ ఎండాకాలం పోకముందే ప్రతి వాడలో అందరికంటే పెద్ద వయసు అవ్వ దగ్గర కూర్చోండి. ఫ్యాను బందు చేయండి. గొంగడి కట్టండి. మైకు జానెడు దూరంలో పెట్టి, ముందు ఆమె పేరు చెప్పించండి.