విశ్రాంతి దినానికీ అదే కొలత

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నాకోసం ఆగింది. బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నడుపుకునే మనిషి. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఇరవై రెండేళ్ల కొడుకు మెట్‌పల్లిలోనే జిమ్‌కు వెళ్తాడు.

‘‘అయ్యగారూ, ఒక మాట అడుగుతా. మావోడు ఐతారం జిమ్ముకు పోడు. అయినా ఆ పౌడర్ తాగుతనే ఉంటడు. పని చెయ్యని నాడు గూడ దేనికయ్యా? పైసలు దండుగ గాదా?’’

నేను వెంటనే ‘‘దండుగే’’ అనేశాను. అంతకు ముందు నెల ప్రసంగంలో ‘‘కండలు చూసి పరలోకపు తలుపు తెరుచుకోదు’’ అన్నాను కూడా. సంఘమంతా నవ్వింది. ఆ తర్వాత వరుసగా మూడు ఆదివారాలు ఆ అబ్బాయి ఆరాధనకు రాలేదు. ఎందుకు రాలేదో నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత తెలిసిన డాక్టర్ గారిని అడిగాను. ఆయన మాట విని నేనే సిగ్గుపడ్డాను. బరువులెత్తినప్పుడు కండ పెరగదు, అలసి నలుగుతుంది. అది మళ్లీ కట్టుకునేది తర్వాతి ఒకటి రెండు రోజుల్లో, మనం తిని నిద్రపోతున్నప్పుడు. కాబట్టి కసరత్తు చేసిన నాడు ఎంత ప్రోటీన్ కావాలో, చేయని నాడూ ఇంచుమించు అంతే కావాలి. ఈ ఒక్క విషయంలో ఆ అబ్బాయి లెక్క సరైనది, పాస్టర్ లెక్క తప్పు.

ఆ రాత్రి నిర్గమకాండం 16వ అధ్యాయం తెరిచాను. సెమినరీలో చదివిన అధ్యాయమే, ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయమే. అరణ్యంలో దేవుడు మన్నా కురిపించాడు. ఆరవ దినాన రెండంతలు కూర్చుకోమన్నాడు. అంటే పని మానిన ఏడవ దినాన భోజనం తగ్గించలేదు. పని దినానికి తలకొక ఓమెరు, విశ్రాంతి దినానికీ తలకొక ఓమెరే. పని చేసిన వాడికే తిండి అనే కఠినమైన లెక్క అక్కడ లేదు. విశ్రమించే దేహానికి కూడా ఆహారం అవసరమని సృష్టికర్తకు తెలుసు.

అయితే అదే అధ్యాయంలో మరో మాట ఉంది. రేపటికని మిగుల్చుకున్న మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. కొలతకు మించినది బలం కాలేదు. ఇక్కడ మన యువకులు ఆగి ఆలోచించాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం సాధారణ వ్యక్తికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అరవై కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. బరువులెత్తే వారికి ఇంకొంత ఎక్కువ కావాలి. కానీ 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి ఒక పరిశీలనలో, కిలోకు 1.6 గ్రాములు దాటాక కండకు పెద్దగా ఒరిగేదేమీ కనబడలేదు. ఒక చెంచా కొలత పౌడర్‌లో సుమారు 24 గ్రాములుంటే, నాలుగు కోడిగుడ్లలోనూ దాదాపు అంతే ఉంటుంది. పప్పు, పాలు, పల్లీలు, కోడికూర మన ఇళ్లలో ఉన్నవే. అదే సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ఈ పౌడర్లు వాడవద్దనే చెప్పింది. ఆ సంవత్సరమే కేరళ వైద్యుల బృందం మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల పౌడర్లను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రోటీన్ వివరాలు సరిగా లేవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారైతే డాక్టర్‌ను అడగకుండా ముట్టనే కూడదు.

పౌడర్ పాపమని నేననను. అదీ పాల నుంచి తీసిన ఆహారమే. ఎక్కువ మందికి దాని అవసరం లేదు, అంతే. పౌలు తిమోతికి రాసినప్పుడు (1 తిమోతి 4:8) దేహ సాధన వ్యర్థమని తీసిపారేయలేదు. ఆయన వాడిన గ్రీకు మాట ‘గుమ్నాసియా’. నేటి జిమ్ అనే మాటకూ మూలం అదే. దాని లాభం కొద్దిపాటిదన్నాడు, దైవభక్తి లాభం ఈ లోకానికీ రాబోయే లోకానికీ చాలుతుందన్నాడు. కొద్దిపాటి లాభాన్ని నేను వేదిక మీద నవ్వులపాలు చేశాను. అది తప్పు.

వారి ఇంటికి వెళ్లి ఆ అబ్బాయితో ఆ మాటే చెప్పాను. ‘‘తమ్మీ, ఆదివారం సంగతిలో నీదే కరెక్టు. నవ్వించినందుకు నన్ను క్షమించు’’ అన్నాను. అతడు తల వంచుకున్నాడు. అప్పుడే వంటగది గడప దగ్గర ఆమె కనిపించింది. ఒడిలో బీడీల చాట, పక్కన పాలు లేని చాయ్. మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా అంటే, అన్నం పచ్చిపులుసు అంది. ఇంట్లో గుడ్లు, పాలు కొనడం తగ్గి చాలా రోజులైందట. డబ్బా వేలల్లో ఉంది మరి.

మన్నా అధ్యాయంలో నేను ఎన్నడూ పట్టించుకోని మాట అప్పుడు గుర్తుకొచ్చింది. గుడారంలో ఎందరుంటే అందరికీ, తలకొక ఓమెరు. దేహం దేవుని ఆలయమని యువకులు తమ గురించి చెప్పుకుంటారు. మంచిదే. పొద్దంతా నడుము వంచి బీడీలు చుట్టే తల్లి దేహం కూడా ఆలయమే కదా? కిలోకు 0.83 గ్రాములన్న ఆ లెక్క ఆమెకూ వర్తిస్తుంది. కొరింథు సంఘంలో కొందరు ముందే తిని తృప్తిపడితే మరికొందరు ఆకలితో మిగిలారు. అది ప్రభువు బల్లకే అవమానమని పౌలు గద్దించాడు. మన ఇంటి బల్లకు వేరే న్యాయం ఉంటుందా?

ఆ డబ్బా ఇంకా వారి ఇంట్లోనే ఉంది. కానీ ఇప్పుడు వారానికి ముప్పై గుడ్ల అట్ట కూడా వస్తోంది, ఇద్దరూ తింటున్నారు. అబ్బాయి ఆరాధనకు మళ్లీ వస్తున్నాడు.

ప్రియ యౌవనస్థులారా, దేహాన్ని కాపాడుకోండి, విశ్రమించే నాడు కూడా తినండి. అయితే మీ కంచం ముందు కూర్చునే ముందు ఇంట్లో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టండి. తోటి కాపరులారా, పిల్లలను నవ్వులపాలు చేసే ముందు వారి ప్రశ్న వినండి. అరణ్యంలో కొలిచి ఇచ్చిన దేవుడు ఎవరినీ మరచిపోలేదు. మనమూ మరచిపోకుందాం.

– సంఘ కాపరి, మెట్‌పల్లి